పాత మోటారు బండ్ల క్రయవిక్రయములు: కొనువాని హక్కులు, అమ్మువాని రక్షణ

ఎద్దులను కొనుటకు అంగడికి పోవు రైతు ఎన్ని పరీక్షలు చేయునో మనమందఱము ఎఱుగుదుము. పండ్లు లెక్కించును, సుళ్లు చూచును, గిట్టలు తట్టి చూచును, కాడి కట్టించి నాలుగు చాళ్లు దున్నించి చూచును. అంగడి చిట్టి చేతికి వచ్చువఱకు పూర్తి రొక్కము చెల్లింపడు. అట్టి రైతే పాత ట్రాక్టరునో కారునో కొనునప్పుడు రంగు చూచి, ఒక్కసారి నడిపించి, లక్షల రూపాయలు ఎదుటివాని చేతిలో పెట్టి, తాళపుచెవితో ఇంటికి వచ్చుచున్నాడు. కాగితముల మాట అడిగినచో “తెలిసినవాడే గదా, తరువాత చూచుకొందము” అనును. అమ్మినవాడును ఆ మాటనే అనును. ఈ “తరువాత” అను మాట ఉభయులకును ఎట్టి నష్టమును తెచ్చునో, చట్టము వారికి ఎట్టి హక్కులను ఇచ్చుచున్నదో మన సంఘ సభ్యులకు తెలియజేయుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

హైదరాబాదు నగరము బాలాపూరు, ఇబ్రహీంపట్నము ప్రాంతముల వైపునకు వ్యాపించిన కొలదియు మన గ్రామములలో మోటారు బండ్ల సంఖ్య హెచ్చినది. క్రొత్త బండి కొనలేనివారు పాతదానితో తృప్తిపడుచున్నారు. ఇందు తప్పేమియు లేదు. పాత బండి కొనుట పొదుపరి లక్షణమే. కాని పొదుపు చేసిన రూపాయలను కాపాడుకొనుట కూడ పొదుపరి లక్షణమే యని మఱవరాదు.

అమ్మకము ఎప్పుడు పూర్తియగును?

వస్తువుల అమ్మకమునకు సంబంధించిన చట్టము 1930 సంవత్సరమున ఏర్పడినది. నేటికిని అదియే అమలునందున్నది. దాని ప్రకారము నోటిమాటతో జరిగిన బేరము కూడ బేరమే. వ్రాతపత్రము లేనంతమాత్రమున అమ్మకము చెల్లదని ఎవరును అనజాలరు. అయితే వ్రాత లేనిచోట ఋజువు చేయుట దుర్లభమగును.

బాలాపూరు గణపతి లడ్డు వేలమును ఎఱుగనివారు మన జిల్లాలో ఉండరు. 1994లో 450 రూపాయలకు మొదలైన ఆ వేలపుపాట 2024 నాటికి 30 లక్షల రూపాయలను దాటినది. అచ్చట వేల జనుల ఎదుట పాట జరుగును. ఎవరు పాడిరో, ఎంతకు పాడిరో అందఱును విందురు. వేలమును గూర్చి చట్టము చెప్పు మాట ఏమనగా, పాట ముగిసినట్లు ప్రకటించిన క్షణముననే అమ్మకము పూర్తియగును. అంతకు ముందు పాడినవాడు తన పాటను ఉపసంహరించుకొనవచ్చును. ఇంతమంది సాక్షులున్న అమ్మకములో తగవునకు తావు తక్కువ. ఇద్దఱు మనుష్యులు చెట్టు నీడన కూర్చుండి చేసికొనిన బండి బేరమునకు సాక్షి ఎవరు? అందుచేతనే పత్రము కావలసివచ్చుచున్నది.

ఇంకొక సంగతి. ఎదుటనున్న ఫలానా బండిని, ఉన్నది ఉన్నట్లుగా, షరతులేమియు లేక అమ్మునట్లు బేరము కుదిరినయెడల, వేఱొక ఏర్పాటు లేనిచో, ఆ క్షణముననే సొత్తు కొనువానిదగును. రొక్కము రేపు ఇచ్చినను, బండి ఎల్లుండి తీసికొనిపోయినను ఈ నియమము మాఱదు. సొత్తు ఎవరిదో నష్టమును వారిదే. కావున బేరము కుదిరిన రాత్రి అమ్మినవాని దొడ్డిలో ఆ బండి నిప్పంటుకొని కాలిపోయినచో, అమ్మినవాని తప్పు లేనప్పుడు, ఆ నష్టము కొనినవానిపై పడును. “పూర్తి సొమ్ము చెల్లించి బండి స్వాధీనము చేసికొనువఱకు సొత్తు అమ్మువానిదే” అని ఒక్క పంక్తి వ్రాసికొనినచో ఈ చిక్కు ఉండదు.

పేరు మార్పు: అమ్మినవాని మెడ కాపాడునది

బండి చేతులు మాఱుట వేఱు, పేరు మాఱుట వేఱు. మొదటిది ఇద్దఱి మధ్య జరుగు వ్యవహారము. రెండవది సర్కారు పుస్తకములలో జరుగు మార్పు. 1988 సంవత్సరపు మోటారు వాహనముల చట్టమున 50వ సెక్షను దీనిని గూర్చి చెప్పుచున్నది. రాష్ట్రములోపల జరిగిన అమ్మకమైనచో అమ్మినవాడు 14 దినములలోపల రవాణాశాఖ వారికి 29వ నంబరు ఫారము ద్వారా తెలుపవలెను. కొనినవాడు 30 దినములలోపల 30వ నంబరు ఫారముతో తన పేరిట మార్చుమని దరఖాస్తు పెట్టుకొనవలెను. ఇవి రెండును వేర్వేరు బాధ్యతలు. ఒకరు చేసినంతమాత్రమున రెండవవారు విముక్తులు కాజాలరు.

ఇది కేవలము కాగితపు పని యని తలంచువారు సర్వోన్నత న్యాయస్థానము 2018 ఫిబ్రవరి 6వ తేదీన ఇచ్చిన తీర్పును తెలిసికొనవలెను. ఒకరు తన కారును 2007లో అమ్మివేసిరి. అది అటుపిమ్మట చేతులు మాఱుచు పోయినది. రవాణాశాఖ పుస్తకములలో మాత్రము మొదటి యజమాని పేరే నిలిచియున్నది. 2009లో ఆ కారు వలన ప్రమాదము జరిగి ఒక బాలుడు మరణించెను. నష్టపరిహారము ఎవరు చెల్లింపవలెనను ప్రశ్న వచ్చినప్పుడు, పుస్తకములలో ఎవరి పేరున్నదో వారే చట్టము దృష్టిలో యజమానియని న్యాయస్థానము నిర్ణయించెను. ఆప్తులను కోల్పోయినవారు బండి ఎన్ని చేతులు మాఱినదో వెదకుచు తిరుగవలసిన పని లేదని ఆ తీర్పు యొక్క సారాంశము.

మన రైతు సోదరులు ఈ సంగతిని తమకు అన్వయించుకొని చూడవలెను. రెండేండ్ల క్రిందట అమ్మిన ట్రాక్టరు, ఎవడో నడుపగా, ఎచ్చటనో ఒకని ప్రాణము తీసినది. బీమా లేదు. పుస్తకములో పేరు మనది. ఆ పరిహారము మనము చెల్లింపవలసినచో ఏమి అమ్మవలెను? పొలమే గదా! తరతరముల భూమి ఒక ఫారము నింపని కారణమున పోవుట ఎంత దుఃఖకరము! అమ్మిన బండికి వచ్చు చలానులు సైతము పాత యజమానికే చేరుచుండును. కావున అమ్మినవాడు కొనినవానిపై భారము వేసి ఊరకుండరాదు. తానే కార్యాలయమునకు పోయి, ఫారము దాఖలు చేసి, రశీదు పొంది, కొన్ని దినముల పిదప పేరు మాఱినదో లేదో విచారింపవలెను.

కొనువానికి చట్టము ఇచ్చు హక్కులు

ఒక వ్యాపారి వద్ద గాక, సాటి గృహస్థుని వద్ద బండి కొనినప్పుడు, కొనువానికి వ్రాయకపోయినను లభించు హక్కులు ముఖ్యముగా మూడు.

మొదటిది, అమ్ముటకు అతనికి అధికారము ఉండవలెను. తనది కాని వస్తువును అమ్మినవాడు దానిపై కొనినవానికి హక్కు కలిగింపజాలడు. దొంగబండిని తెలియక కొని పూర్తి వెల యిచ్చినను, సాధారణముగా అసలు యజమాని దానిని తిరిగి తీసికొనిపోవును. కొనినవాడు తన సొమ్మునకై అమ్మినవానిని పట్టుకొనవలసినదే.

రెండవది, తెలియజేయని అప్పు గాని తాకట్టు గాని ఆ బండిపై ఉండరాదు.

మూడవది, చెప్పిన వర్ణనకు బండి సరిపడవలెను. 2019 సంవత్సరపు బండియని అమ్మినది 2015 నాటిదైనచో, అది వర్ణనకు విరుద్ధము. ఈ నియమము వ్యాపారికే గాక సామాన్యునికిని వర్తించును.

అయితే బండి గుణమును గూర్చి చట్టము ఇట్టి అభయము ఇయ్యదు. వృత్తిగా అమ్మువానిని నమ్మి, తన అవసరమును తెలిపి కొనినచోట మాత్రమే వస్తువు పనికివచ్చునను పూచీ చట్టమువలన కలుగును. పొరుగు రైతు తన ట్రాక్టరును అమ్మినప్పుడు, నెల దినములకు గేరుపెట్టె చెడినచో, అతడు పూచీ యిచ్చియుండనిచో, ఆ మరమ్మతు కొనినవాని ఖర్చే. “కొనువాడు కన్నులు తెఱచి కొనవలెను” అనునదే ఇచ్చటి ధర్మము. ఎద్దు పండ్లు లెక్కించువానికి ఈ ధర్మము క్రొత్తది కాదు.

అబద్ధము, మౌనము

అమ్మువాడు తన బండిలోని లోపములన్నియు చెప్పవలెనా? 1872 సంవత్సరపు ఒప్పందముల చట్టము ప్రకారము, చెప్పవలసిన బాధ్యత ప్రత్యేకముగా లేనిచోట, కేవలము ఊరకుండుట మోసము కాదు. కాని అబద్ధమాడుట మోసము. లోపమును ఉద్దేశపూర్వకముగా కప్పిపుచ్చుట మోసము. ప్రమాదములో నలిగిన బండికి రంగు పూసి “ఎన్నడును దెబ్బ తగులలేదు” అనుట, తిరిగిన కిలోమీటర్లను గాని ట్రాక్టరు పనిచేసిన గంటలను గాని వెనుకకు త్రిప్పి చూపుట ఈ కోవకు చెందినవి. ఇట్టి మోసమునకు లోనై కొనినవాడు ఒప్పందమును రద్దు చేసికొనవచ్చును, లేదా నష్టపరిహారము కోరవచ్చును. మోసగించి సొమ్ము లాగికొనుట 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షను క్రింద శిక్షార్హము కూడ.

కాని అడుగని ప్రశ్నకు జవాబు రాదు. కావున కొనువాడు నోరు తెఱచి అడుగవలెను: ప్రమాదము జరిగినదా? ఇంజను విప్పించితిరా? అప్పున్నదా? కేసులున్నవా? జవాబులను కాగితముపై వ్రాయించుకొనవలెను. అడిగినప్పుడు చెప్పిన అబద్ధము మోసమగును; అడుగక పోవుటచే తెలియనిది మన అజాగ్రత్త యగును.

అప్పు గల బండ్లు

ఇది మన సంఘములకు మిక్కిలి సంబంధించిన విషయము. ట్రాక్టరులలో అనేకము సహకార బ్యాంకుల నుండియో, ఇతర బ్యాంకుల నుండియో అప్పు తీసికొని కొనినవే. అప్పు తీఱువఱకు రిజిస్ట్రేషను పత్రముపై అప్పిచ్చినవారి పేరు వ్రాయబడి యుండును. వారి సమ్మతి లేనిదే రవాణాశాఖ వారు పేరు మార్చరు. అప్పు తీర్చిన వెంటనే ఆ వ్రాత దానంతట అదియే పోదు. అప్పిచ్చినవారి సంతకముతో 35వ నంబరు ఫారము దాఖలు చేసి దానిని తొలగించుకొనవలెను.

కొందఱు “మిగిలిన కిస్తులు నీవు కట్టుకొనుము” అని చెప్పి బండిని ఇచ్చివేయుచున్నారు. ఇది ఉభయులకును ప్రమాదము. కొనినవాడు కిస్తులు తప్పినచో బాకీదారుడు మొదటివాడే, అతని జామీనుదారులు కూడ చిక్కుకొందురు. కొనినవాడు సక్రమముగా కట్టినను, సొమ్ము బ్యాంకునకు చేరలేదేని బండిని జప్తు చేసికొనిపోవుదురు. సరియైన మార్గమేమనగా, ఉభయులును కలిసి బ్యాంకునకు పోయి, నిలువ ఎంతయో వ్రాతమూలముగా తెలిసికొని, కొనువాని సొమ్ములో అంతవఱకు నేరుగా అప్పు ఖాతాకు జమకట్టి, బాకీ లేదను పత్రమును పొంది, మిగిలినది మాత్రమే అమ్మువానికి ఇచ్చుట. సంఘము అప్పుతో కొనిన బండిని సంఘమునకు తెలియకుండ అమ్ముట సాటి సభ్యుల సొమ్మునకు ద్రోహము చేయుటయే.

బీమా

బండి అమ్మినప్పుడు బీమా పత్రము కొనినవానికి బదిలీయైనట్లు చట్టము భావించును. అయితే బదిలీ జరిగిన 14 దినములలోపల కొనినవాడు బీమా సంస్థకు దరఖాస్తు చేసి తన పేరు వ్రాయించుకొనవలెను. ఇచ్చట ఒక మెలిక కలదు. దారిన పోవు ఇతరులకు కలుగు హానికి సంబంధించిన రక్షణ మాత్రమే ఇట్లు వెంట వచ్చును. సొంత బండికి కలుగు నష్టమునకు, దొంగతనమునకు ఇచ్చు రక్షణ బీమా సంస్థకును పాత యజమానికిని మధ్యనున్న ఒప్పందము కాబట్టి, అది తనంతట తాను క్రొత్త యజమానికి రాదు. ఈ భేదమును సర్వోన్నత న్యాయస్థానము 1995లోనే స్పష్టపఱచినది. పేరు మార్పించుకొనక కారు పోగొట్టుకొనినవాడు రిక్తహస్తములతో నిలువవలసివచ్చును. ప్రమాదములు లేక నడిపినందుకు ప్రీమియములో వచ్చు తగ్గింపు మాత్రము అమ్మినవానికి చెందునదే కాని బండికి చెందినది కాదు.

దూరపు బండ్లు, మృతుల బండ్లు

ఇతర రాష్ట్రముల బండ్లు తక్కువ వెలకు వచ్చునని ఆశపడువారు, ఆ రాష్ట్రపు రవాణాశాఖ వారి నిరాక్షేపణ పత్రము లేనిదే బేరము చేయరాదు. తెలంగాణమున చెల్లింపవలసిన పన్ను, క్రొత్త నంబరు పొందుటకగు వ్యయము లెక్కించుకొనినచో, వెలలోని లాభము అనేక పర్యాయములు మాయమగును. 2014కు పూర్వము ఉమ్మడి రాష్ట్రమున ఒక్క ప్రభుత్వము క్రిందనున్న విజయవాడ, కర్నూలు బండ్లకు సైతము నేడు ఈ నియమము వర్తించునని గుర్తుంచుకొనవలెను.

యజమాని మరణించినచో, ఆయన కుమారుడు బండిని నేరుగా అమ్మజాలడు. ముందుగా 31వ నంబరు ఫారముతో వారసుని పేరిట మార్పించి, పిదప అమ్మవలెను. ఒక వారసుడు అమ్మగా మఱియొక వారసుడు అడ్డుతగిలినచో కొనినవాడు మధ్య నలుగును. కాబట్టి ఇతర వారసుల సమ్మతిని వ్రాతమూలముగా పొందుట శ్రేయస్కరము.

సొంత వాడకపు బండ్ల రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు మాత్రమే. అటుపిమ్మట పరీక్షింపించి 5 సంవత్సరములకు ఒకసారి పొడిగించుకొనవలెను. పదునాలుగేండ్ల బండిని కొనువాడు ఈ వ్యయమును ముందే లెక్కలోనికి తీసికొనవలెను.

అమ్మువాని హక్కులు

అమ్మువాడు బాధ్యతలు మాత్రమే కలవాడు కాడు. వేఱు ఒప్పందము లేనప్పుడు వెల ఒక చేత, బండి ఒక చేత మాఱవలెనని చట్టము చెప్పుచున్నది. పూర్తి వెల ముట్టువఱకు, బండి తన స్వాధీనమందున్నంత కాలము, దానిని నిలిపియుంచుకొను హక్కు అతనికి కలదు. అరువు గడువిచ్చి బండిని ఇచ్చివేసినచో ఆ హక్కు పోవును. పిదప బాకీకై దావా వేయుటయే గతి. చెక్కు ఇచ్చినచో అది చెల్లి సొమ్ము ఖాతాలో పడిన పిదపనే తాళపుచెవి ఇయ్యవలెను.

బయానా విషయమై తగవులు మెండు. కొనువాడు తప్పుకొనినచో బయానా పోవునా? అమ్మువాడు తప్పుకొనినచో ఎంత తిరిగి ఇయ్యవలెను? ఎన్ని దినముల గడువు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు బయానా రశీదునందే ఉండవలెను.

పాత కార్ల వ్యాపారికి బండిని అప్పగించువారు అతనికి రవాణాశాఖ అనుమతి యున్నదో లేదో చూడవలెను. 2022లో సవరింపబడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన కేంద్ర నియమముల ప్రకారము, అనుమతి గల వ్యాపారికి బండిని అప్పగించి రవాణాశాఖకు ఆ సంగతి తెలిపిన పిదప, దాని బాధ్యత ఆ వ్యాపారిపై ఉండును. అనుమతి లేని దళారికి ఖాళీ ఫారములపై సంతకములు చేసి ఇచ్చుట, ఖాళీ ప్రాంసరీ నోటుపై సంతకము చేసి ఇచ్చుటతో సమానము.

పత్రమునందు వ్రాయవలసినవి

ఉభయుల పేర్లు, చిరునామాలు. రిజిస్ట్రేషను, ఇంజను, ఛాసిస్ నంబర్లు. వెల, చెల్లించిన విధము. బండిపై అప్పు లేదనియు, చలానులు, పన్నులు బాకీ లేవనియు అమ్మువాని మాట. తెలిసిన లోపముల పట్టిక. అప్పగించిన తేదీయు, గంటయు. ఇద్దఱు సాక్షుల సంతకములు. ఈ పత్రము రెండు ప్రతులుగా వ్రాసి చెఱియొకటి ఉంచుకొనవలెను. గంట ఎందుకనగా, ఉదయము అప్పగించిన బండి సాయంత్రము ప్రమాదమునకు గుఱియైనచో ఎవరి చేతిలో ఉండగా జరిగినదో దానివలన తేలును. పత్రముపై వ్రాయు మూడు నంబర్లను రిజిస్ట్రేషను పుస్తకమునుండి గాక, బండిపై చెక్కియున్న అంకెలను చూచి వ్రాసి, పిదప పుస్తకముతో సరిపోల్చవలెను. అంకెలు గీకినట్లు కనబడినచో ఆ బేరమును అంతటితో వదలుకొనుటయే మేలు.

తగవు వచ్చినచో

లోపము కనబడిన వెంటనే అమ్మినవానికి వ్రాతమూలముగా తెలుపవలెను. నెలల తరబడి వాడుకొని పిదప బండి వద్దనుటకు చట్టము ఒప్పుకొనదు. అప్పుడు నష్టపరిహారమునకు మాత్రమే అవకాశముండును. వ్యాపారివద్ద కొనినవారికి 2019 సంవత్సరపు చట్టము క్రింద వినియోగదారుల కమిషనులు కలవు. వ్యాపారి కాని సాటి గృహస్థునిపై సాధారణముగా అచ్చటికి పోవుటకు వీలులేదు. సివిలు న్యాయస్థానమే శరణ్యము. దావాకు సామాన్యముగా 3 సంవత్సరముల గడువు.

దావాకు పూర్వము న్యాయసేవల సంస్థల ఆధ్వర్యమున జరుగు లోక్ అదాలతులో రాజీ ప్రయత్నించుట మేలు. అచ్చట కోర్టు రుసుము లేదు. రాజీ కుదిరినచో ఆ తీర్పు కోర్టు డిక్రీతో సమానము, దానిపై అప్పీలు లేదు. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయ సహాయము లభించును.

తుదకు సభ్యులకు మా మనవి ఒక్కటే. ఈ మాసమున మీ ఇంటనున్న రిజిస్ట్రేషను పత్రములను తీసి చూడుడు. మీరు ఏనాడో అమ్మిన బండి నేటికిని మీ పేరిట నుండవచ్చును. మీరు కొని నడుపుచున్న బండి మఱియొకరి పేరిట నుండవచ్చును. అట్లున్నచో ఎదుటివానిని పిలిచి, కలిసి కార్యాలయమునకు పోయి, సరిచేసికొనుడు. స్నేహము చెడునని జంకవలదు. పత్రము అడిగినందున స్నేహము చెడదు, పత్రము లేక వచ్చిన తగవువలననే చెడును. కాగితములు చదువుకొనలేని సభ్యులకు చదువు వచ్చిన సభ్యులు తోడు పోయి ఫారములు నింపిపెట్టుట సహకార ధర్మము. పరస్పర సహాయమనగా అప్పులిచ్చి పుచ్చుకొనుట మాత్రమే కాదు. సాటివాడు తెలియక గోతిలో పడకుండ ముందుగా హెచ్చరించుట కూడ అందులోనిదే.